ఫ్రాంచైజీకి డబ్బు కట్టే ముందు కంపెనీ చేత లెక్కలు చెప్పించుకోవడం ఎలా?

గోదావరి జిల్లాల్లో పొలం కౌలుకు తీసుకోబోయే రైతును గమనించండి. చేను గట్టు మీద నిలబడి అతను ముందుగా అడిగేది నిరుడు ఈ చేను ఎవరు చేశారు, ఎందుకు వదిలేశారు అని. ఆ తరువాత దాళ్వాకు నీరు శివారు దాకా అందుతుందా, వానాకాలంలో మురుగు కాలువ లాగుతుందా అని అడుగుతాడు. ఎకరాకు ఎన్ని బస్తాలన్నది చివర మాట్లాడతాడు. భూమి యజమాని చెప్పిన జవాబులతో ఊరుకోకుండా పక్క చేను రైతును కూడా కదిపి చూస్తాడు.

అలాంటి రైతుల ఇళ్లలో పిల్లలే 20 లక్షలు పెట్టి ఫ్రాంచైజీ, అంటే ఒక కంపెనీ పేరుతో దుకాణం నడుపుకునే హక్కు, తీసుకునేటప్పుడు ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగడం లేదు. మా పిన్ని కొడుకు పాలకొల్లులో అలాగే తీసుకున్నాడు. రాజమహేంద్రవరం హోటల్లో సమావేశం పెట్టారు, రంగుల పుస్తకం చేతిలో పెట్టారు, అక్కడికక్కడే అడ్వాన్సు తీసుకున్నారు. 14 నెలలకు షట్టరు దించాడు. అంతకుముందు ఏడాదే అదే పేరుతో ఉన్న దుకాణాలు మన చుట్టుపక్కల మూడు మూతపడ్డాయని తరువాత తెలిసింది. నాలుగు ఫోన్లు చేసి ఉంటే ముందే తెలిసేది. దీనికోసం అమ్మిన అరెకరం మళ్లీ కొనడం ఇప్పుడు వాడి వల్ల కాదు. ఇంకొకరి ఇంట్లో ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

అమెరికాలో 1979 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి అమలులో ఉంది. ఫ్రాంచైజీ అమ్మే ప్రతి కంపెనీ, కొనేవారు సంతకం చేయడానికి గానీ డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు, 23 అంశాలున్న వెల్లడి పత్రం ఇవ్వాలి. యజమానుల అనుభవం, కోర్టు కేసులు, దివాలా చరిత్ర, కట్టవలసిన ప్రతి రుసుము, మొత్తం పెట్టుబడి అంచనా, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, గత మూడేళ్లలో తెరిచిన దుకాణాలు, మూసిన దుకాణాలు, గత ఏడాది వదిలి వెళ్లినవారిని సంప్రదించే వివరాలు అన్నీ అందులో ఉండాలి. ఆస్ట్రేలియాలో కూడా 14 రోజుల గడువు ఉంది. చైనాలో 30 రోజులు. మలేసియా 1998లోనే ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం చేసుకుంది.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. వెల్లడి పత్రం ఇచ్చి తీరాలని ఏ కంపెనీనీ నిర్బంధించే నిబంధన లేదు. మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో రెండు సెక్షన్లు మీకు కంఠతా రావాలి.

సెక్షన్ 17 ప్రకారం, చెప్పవలసిన బాధ్యత ప్రత్యేకంగా ఉంటే తప్ప, ఊరికే మౌనంగా ఉండడం మోసం కిందికి రాదు. మూడు దుకాణాలు మూతపడ్డాయని కంపెనీ తనంతట తాను చెప్పకపోతే అది మోసమని నిరూపించడం కష్టం. మీరు అడిగినప్పుడు ‘ఒక్కటీ మూతపడలేదు’ అని రాసి ఇస్తే మాత్రం కథ మారిపోతుంది. అది అబద్ధపు ప్రకటన అవుతుంది, దాన్ని నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు కోరే హక్కు సెక్షన్ 19 మీకు ఇస్తుంది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. మౌనం విషయంలోనూ, పొరపాటున చెప్పిన అబద్ధం విషయంలోనూ, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే ఆ హక్కు పోతుంది. కాబట్టి ప్రతి ప్రశ్నా రాతపూర్వకంగా అడగాలి, ప్రతి జవాబూ రాతపూర్వకంగా తీసుకోవాలి, మీరు సొంతంగా చూడగలిగినవన్నీ చూసి ఉండాలి. కింది అడుగులన్నీ ఈ మూడు పనుల కోసమే.

మొదటి అడుగు: ఎదుట ఉన్నది అసలు కంపెనీయేనా?

పేరున్న పాల కంపెనీలు, పెట్రోలు బంకులు, కోడి మాంసం హోటళ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి దరఖాస్తు రుసుము వసూలు చేసే ముఠాలు ఉన్నాయి. ఫోనులో వచ్చిన లింకు నొక్కకండి. కంపెనీ సొంత వెబ్‌సైటు చిరునామాను మీరే టైపు చేసి, అక్కడున్న నంబరుకు ఫోను చేసి, మీతో మాట్లాడిన మనిషి వారి ఉద్యోగేనా అని అడగండి. వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు రూపాయి కూడా పంపవద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

రెండో అడుగు: ఇంట్లో కూర్చుని చూడగలిగినవి

కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కంపెనీ ఎప్పుడు పుట్టిందీ, చెల్లించిన మూలధనం ఎంతో, డైరెక్టర్లు ఎవరో ఉచితంగా కనబడుతుంది. 100 రూపాయలు కడితే దాఖలైన పత్రాలు, బ్యాలెన్స్ షీట్లతో సహా, చూడవచ్చు. వాటిని మీ ఆడిటరు దగ్గరకు తీసుకెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: ఈ కంపెనీకి వచ్చే ఆదాయం నడుస్తున్న దుకాణాల రాయల్టీ (అమ్మకంలో కంపెనీకి కట్టే వాటా) నుంచి వస్తోందా, కొత్తవారు కట్టే ఫ్రాంచైజీ రుసుము నుంచి వస్తోందా? రెండోదైతే, దుకాణాలు నడిచినా నడవకపోయినా కొత్తవారు దొరుకుతున్నంత కాలం ఆ కంపెనీకి ఇబ్బంది లేదు. ఆ పేరు వెనుక ఉన్నది కంపెనీ కాక ఒక వ్యక్తి సొంత వ్యాపారమైతే ఈ పోర్టల్‌లో ఏమీ దొరకదు. అప్పుడు ఆడిట్ లెక్కలు, ఆదాయపు పన్ను రిటర్నులు వారినే అడగాలి. ఇవ్వనంటే అక్కడితో ఆగిపోవాలన్నది నా అభిప్రాయం.

తరువాత బ్రాండు. మీరు లక్షలు పోసి కొంటున్నది ఆ పేరునే గనుక, అది నిజంగా వారిదో కాదో చూడాలి. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా వెతకవచ్చు. హోటల్, టీ దుకాణం లాంటివాటికి 43వ తరగతి, టీ పొడి, బేకరీ సరుకు, మిఠాయిలకు 30వ తరగతి చూడండి. దరఖాస్తు పెట్టడం వేరు, రిజిస్టరు కావడం వేరు. పేరు పక్కన ‘టీఎం’ అని ఎవరైనా వేసుకోవచ్చు. వృత్తంలో ‘ఆర్’ గుర్తు మాత్రం రిజిస్టరైన తరువాతే వేసుకోవాలి. రిజిస్ట్రీ అభ్యంతరం చెప్పిన పేరు గానీ ఇతరులు వ్యతిరేకించిన పేరు గానీ రేపు మార్చవలసి వస్తే, మీ బోర్డు, ప్యాకింగ్, గోడల రంగు ఖర్చు ఎవరు భరిస్తారో అడగండి.

ఈ-కోర్టుల వెబ్‌సైటులో కంపెనీ పేరు, డైరెక్టర్ల పేర్లు పెట్టి కేసులు వెతకండి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న జిల్లాలోనూ వెతకాలి. పాత ఫ్రాంచైజీదారుల మీద కంపెనీ వేసిన చెక్ బౌన్సు కేసులు వరుసగా కనబడితే దానికి అర్థం ఏమిటో ఆలోచించండి. జీఎస్‌టీ పోర్టల్‌లో వారి నంబరు కొడితే రిటర్నులు వేళకు వేస్తున్నారో లేదో తెలుస్తుంది.

అమెరికా బ్రాండు అయితే ఒక వెసులుబాటు ఉంది. కాలిఫోర్నియా, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల వెబ్‌సైట్లలో వారి వెల్లడి పత్రం ఉచితంగా దొరకవచ్చు. ఆ నిబంధన అమలయ్యేది అక్కడి దుకాణాలకే, ఇక్కడ అది మీకు హక్కులేవీ ఇవ్వదు. అక్కడ దుకాణాలు ఏ వేగంతో తెరుచుకుంటున్నాయో, మూతపడుతున్నాయో మాత్రం అంకెలతో సహా చూడవచ్చు.

మూడో అడుగు: ఉత్తరం రాయండి

కంపెనీ అధికారిక ఈమెయిల్‌కు ఈ ప్రశ్నలు పంపండి. వాట్సాప్‌లో తీయటి మాటలు వస్తే, వాటినే రాసి ‘మీరు ఇలా చెప్పారు, సరేనా’ అని ఈమెయిల్‌లో తిరిగి అడగండి.

1. గత మూడేళ్లలో ఏటా ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, ఎన్ని చేతులు మారాయి, ఎన్ని కంపెనీయే వెనక్కు తీసుకుంది?
2. గత రెండేళ్లలో వదిలేసినవారిని మేము ఎలా సంప్రదించాలి?
3. కంపెనీ సొంతంగా నడిపే దుకాణాలు ఎన్ని? జనాభాలో భీమవరం, అమలాపురం స్థాయి పట్టణాల్లో ఎన్ని?
4. ఫ్రాంచైజీ రుసుము, డిపాజిట్, రాయల్టీ, ప్రచార నిధి, సాఫ్ట్‌వేర్, శిక్షణ, తనిఖీకి వచ్చేవారి ప్రయాణ ఖర్చులతో సహా, మేము మీకు కట్టవలసిన ప్రతి రూపాయీ ఎంత? ఏది తిరిగి వస్తుంది?
5. ఏ సరుకు మీ దగ్గరే కొనాలి? ధర ఎవరు నిర్ణయిస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు పెంచవచ్చు?
6. మీరు చెప్పిన నెలవారీ అమ్మకం ఏ దుకాణాలది, ఏ నెలలది?
7. మా ప్రాంతంలో ఇంకొకరికి ఇవ్వబోమని ఏ హద్దులతో రాసి ఇస్తారు? ఆన్‌లైన్ ఆర్డర్లు ఎవరివి?
8. కంపెనీ మీద, డైరెక్టర్ల మీద ఉన్న కేసులు ఏమిటి?

ఆరో ప్రశ్న దగ్గర కాస్త నిలబడండి. అమెరికాలో ఆదాయం గురించి చెప్పి తీరాలని లేదు, చెప్తే మాత్రం ఆధారంతో వెల్లడి పత్రంలోనే చెప్పాలి. ఇక్కడ హోటల్ సమావేశంలో తెర మీద వేసిన అంకెకు, చేతిలో రాత లేకపోతే, ఎవరినైనా బాధ్యులను చేయడం కష్టం. మన ప్రాంతంలో జనవరి అమ్మకాలు చూపించి ఏడాదంతా అంతే అనుకోమంటే అది పెద్ద తప్పుదోవ. సంక్రాంతికి అల్లుళ్లు, హైదరాబాద్ పిల్లలు, గల్ఫ్ నుంచి వచ్చినవారు ఊళ్లోనే ఉంటారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఎండాకాలంలో కాలేజీ పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు, రొయ్య ధర పడిపోయిన నెలలో భీమవరం బజారులో ఆ తేడా తెలుస్తుంది. 12 నెలల అమ్మకాలు నెలవారీగా అడగండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రోజుల్లో కనీస రాయల్టీ కట్టాలా వద్దా అన్నది కూడా ఈ ఉత్తరంలోనే అడగవచ్చు.

ఏడో ప్రశ్నకు ‘5 కిలోమీటర్ల పరిధి’ అని జవాబు వస్తే ఒప్పుకోకండి. నరసాపురంలో నిలబడి వృత్తం గీస్తే గోదావరి వశిష్ఠ పాయ అవతల సఖినేటిపల్లి అందులో పడుతుంది. పంటు ఎక్కి గోదావరి దాటి మీ దుకాణానికి రోజూ ఎవరు వస్తారు? రోడ్డు మీద వెళ్లాలంటే చించినాడ వంతెన చుట్టి రావాలి. పటంలో మీకు పెద్ద ప్రాంతం ఇచ్చినట్టు కనబడుతుంది, అందులో కొంత నీరు, కొంత ఏటి అవతల. మండలాల పేర్లు, పిన్‌కోడ్లు రాయించుకోండి.

నాలుగో అడుగు: వదిలేసినవారిని వెతకండి

అన్నిటిలో ముఖ్యమైనది ఇదే. కంపెనీ ఇచ్చిన నంబర్లలో బాగా నడుస్తున్న ముగ్గురు ఉంటారు, వారితో మాట్లాడండి గానీ అక్కడ ఆగకండి. గూగుల్ పటాల్లో ఆ పేరు కొట్టి ‘శాశ్వతంగా మూసివేశారు’ అని ఉన్నవాటిని వెతకండి. తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట, కాకినాడల్లో ఎక్కడైనా కనబడితే అక్కడికి వెళ్లి పక్క దుకాణం వారిని, గది యజమానిని అడగండి. వదిలేసిన మనిషి దొరికితే లాభం సంగతి ముందే ఎత్తకండి, నష్టపోయినవారికి అది పచ్చి పుండు. సరుకు వేళకు వచ్చేదా, సాయం అడిగితే ఎవరు పలికేవారు, డిపాజిట్ తిరిగి ఇచ్చారా అని మొదలుపెట్టండి. మిగతాది వారే చెప్తారు. నడుపుతున్నవారిని అడగవలసింది ఒక్కటే: ‘ఇప్పుడు మళ్లీ అవకాశం వస్తే ఇదే తీసుకుంటారా?’ జవాబు ఎంత ఆలస్యంగా వస్తుందో గమనించండి.

ఐదో అడుగు: లెక్క మీరే వేయండి

ఊహకు ఒక టీ, చిరుతిళ్ల దుకాణం అనుకుందాం. రోజుకు 10,000 చొప్పున నెలకు 3,00,000 అమ్మకం, పన్ను కాకుండా. రంగుల పుస్తకంలో ‘50 శాతం లాభం’ అని ఉంటుంది, ఎందుకంటే సరుకు ఖర్చు 1,50,000. ఇక మిగతావి చూడండి. రాయల్టీ 6 శాతం అంటే 18,000, ప్రచార నిధి 2 శాతం అంటే 6,000. ఈ రెండింటి మీద జీఎస్‌టీ 18 శాతం, అంటే 4,320. మామూలు హోటళ్లు 5 శాతం జీఎస్‌టీ పద్ధతిలో ఉంటాయి గనుక కట్టిన ఈ పన్ను తిరిగి సర్దుబాటు కాదు, అది నేరుగా మీ ఖర్చే. గది అద్దె 35,000, నలుగురి జీతాలు 60,000, కరెంటు 14,000. మిగిలింది 12,680.

10 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు వాయిదా సుమారు 21,740. అంటే రోజుకు పది వేలు అమ్ముతున్న దుకాణం నెలకు 9,000 పైగా చేతి నుంచి పెట్టిస్తుంది. అసలు మునగకుండా ఉండాలంటే రోజుకు 10,750 అమ్మాలి, ముప్పై రోజులూ అమ్మాలి. మీ జీతం ఇందులో లేదు. రాయల్టీ లాభం మీద కాక అమ్మకం మీద కట్టేది, పంట పోయినా కట్టవలసిన కౌలు లాంటిది. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, ఈ వరుసలు మాత్రం ఒక్కటీ వదలకండి.

‘మీరు పెట్టుబడి పెట్టండి, దుకాణం మేమే నడుపుతాం, నెలకు ఇంత ఖాయం’ అనేవారు వస్తే ఇంకా జాగ్రత్త. ఖాయమైన రాబడి చూపించి జనం దగ్గర డబ్బు తీసుకోవడం వ్యాపారం పేరుతో జరిగినా డిపాజిట్ సేకరణ కావచ్చు. అలాంటివాటిని ఆపడానికే 2019లో అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం తెచ్చారు. లాయరుకు చూపించకుండా ముట్టుకోవద్దు.

ఆరో అడుగు: అగ్రిమెంటు చదవడం

ముసాయిదా ముందే అడగండి. సంతకం రోజు చూపిస్తామంటే కుదరదని చెప్పండి. మన చట్టం 14 రోజులు ఇవ్వకపోయినా మీకు మీరే ఆ గడువు పెట్టుకోండి. ‘తాడేపల్లిగూడెం నుంచి ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు, శనివారం లోపు అడ్వాన్సు వేయండి’ అంటారు. ఆ ఇంకొకరినే వేయనివ్వండి. భీమవరంలోనో అమలాపురంలోనో కాంట్రాక్టులు చూసే లాయరుకు ఆ రెండు వారాల్లో చదివించండి. ఆ రుసుము మీ పెట్టుబడిలో చాలా చిన్న ముక్క.

‘ఇంతకుముందు చెప్పిన మాటలన్నీ ఈ ఒప్పందంతో రద్దు’ అనే క్లాజు దాదాపు ప్రతిదానిలోనూ చివర ఉంటుంది. అది ఉంటే మీ ఈమెయిళ్ల బలం తగ్గుతుంది. అందుకే మూడో అడుగులో వచ్చిన జవాబులను అనుబంధంగా చేర్చి, అవి నిజమని నమ్మే ఒప్పందం చేసుకుంటున్నట్టు ఒక వాక్యం రాయించండి. ఇందుకు ఒప్పుకోని కంపెనీ తన మాటను తానే నమ్మడం లేదని నేను అనుకుంటాను.

ఒప్పందం ఐదేళ్లు, గది లీజు మూడేళ్లు అయితే మధ్యలో ఇరుక్కుంటారు, రెండూ సరిపోల్చండి. ఏడాది మించిన లీజు రిజిస్టరు చేయించాలి. ఒప్పందం ఎవరు ఎప్పుడు రద్దు చేయవచ్చు, మధ్యలో మీరు తప్పుకుంటే ఎంత పోతుంది, దుకాణం ఇంకొకరికి అమ్ముకోవచ్చా, యజమాని చనిపోతే భార్యాపిల్లలు నడపవచ్చా అన్నవి ఒక్కొక్కటీ చూడండి. వివాదం వస్తే మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో అని రాసి ఉంటే, అమలాపురం నుంచి ఎన్నిసార్లు వెళ్లగలరో లెక్కవేసి విజయవాడ గానీ హైదరాబాద్ గానీ అడగండి. మధ్యవర్తిని కంపెనీ ఒక్కటే నియమిస్తుందని ఉంటే అభ్యంతరం చెప్పండి. ఫలితంలో స్వార్థం ఉన్న పక్షం ఏకపక్షంగా అలా నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

వదిలేశాక రెండేళ్లు అదే వ్యాపారం చేయకూడదన్న నిబంధన చూసి బెదిరిపోకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం వృత్తి, వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు సాధారణంగా చెల్లవు. ఒప్పందం నడుస్తున్న కాలంలో పోటీ వ్యాపారం చేయకూడదన్నది వేరు. దాన్ని గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు 1995లోనే సమర్థించింది.

హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇవ్వకండి. తేదీ, మొత్తం వారు నింపి బ్యాంకులో వేస్తే మీ మీద నడిచేది క్రిమినల్ కేసు. దానికి రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా ఉన్నాయి. డిపాజిట్ తీసుకున్నాక మళ్లీ చెక్కు ఎందుకని అడగండి. తప్పనిసరి అంటే, మొత్తం నింపి, ఎందుకు ఇస్తున్నారో అగ్రిమెంటులో చెక్కు నంబరుతో సహా రాయించి ఇవ్వండి.

సంతకం రోజు

అనుబంధాలతో సహా ప్రతి పేజీలోనూ రెండు పక్షాల సంతకాలు ఉండాలి. కంపెనీ తరఫున సంతకం పెడుతున్న మనిషికి ఆ అధికారం ఇచ్చిన బోర్డు తీర్మానం నకలు తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా, కంపెనీ పేరున, జీఎస్‌టీ బిల్లుతో కట్టండి. అసలు ప్రతి ఒకటి ఆ రోజే మీ వెంట ఇంటికి రావాలి. ‘హెడ్ ఆఫీసులో సంతకాలయ్యాక కొరియర్‌లో పంపుతాం’ అంటే, మిగతా సొమ్ము ఆ కొరియర్ అందాకే వేస్తామని చెప్పి లేచి వచ్చేయండి.